రిజిస్ట్రీ ఒప్పందంలో ఏ దేశ చట్టమో రాయకపోతే కాలిఫోర్నియా చట్టమేనా?

మీ కంపెనీ సొంత టాప్ లెవెల్ డొమైన్‌కి (వెబ్ చిరునామా చివర డాట్ కామ్ లాంటి పేరు) దరఖాస్తు చేస్తోందని, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ, ఆ డొమైన్‌ని నడిపే రిజిస్ట్రీకి ఇచ్చే ఒప్పందంలో ఏ దేశ చట్టం వర్తిస్తుందో కనిపించడం లేదని, కాలిఫోర్నియా చట్టమే అనుకోవాలా అని అడిగారు.

అలా అనుకోవద్దు. మీకు కనిపించకపోవడానికి కారణం, అక్కడ నిజంగానే రాయలేదు. 2012లో కొత్త డొమైన్లకి దరఖాస్తులు తీసుకున్న రౌండ్‌కి తయారైన మూల ఒప్పందంలో 5.2 క్లాజు చూడండి. గొడవ వస్తే ఐసీసీ (అంతర్జాతీయ వాణిజ్య మండలి) నియమాల కింద ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు, ఇంగ్లీషులో, లాస్ ఏంజెలెస్ కౌంటీలో. ప్రభుత్వ సంస్థలకు జెనీవా. ఎక్కడ కూర్చుని తేల్చుకోవాలో ఉంది, ఏ చట్టం ప్రకారం తేల్చాలో లేదు. ఈ రెండూ వేరు. చట్టం రాసుకోకపోతే తగినదేదో ఆర్బిట్రేటరే నిర్ణయించాలని ఐసీసీ నియమాల్లో 21వ ఆర్టికల్ చెబుతుంది.

ఈ ఖాళీ ఎంత ఖరీదో నాకు అనుభవమే. హైదరాబాద్‌లో మేము ఒక విదేశీ రిజిస్ట్రీకి బ్యాకెండ్ సర్వీసు, అంటే తెరవెనక సాంకేతిక పని, చేసిపెట్టేవాళ్లం. ఆ కాంట్రాక్టు చివరి డ్రాఫ్టులో చట్టం గురించిన లైను పసుపు రంగులో ఉంది, పక్కన ‘తర్వాత చూద్దాం’ అని కామెంటు. సంతకాలకి ఆలస్యమవుతోందని ఆ లైను తీసేశాం. తీసింది నేనే. ఏడాది తర్వాత వాళ్లు బిల్లు ఆపారు. ఆలస్యానికి వడ్డీ ఎంత అన్నది మన చట్టం ప్రకారం ఒకలా, వాళ్ల చట్టం ప్రకారం ఇంకోలా వచ్చింది. అసలు బాకీ సంగతి మాట్లాడే లోపే రెండు నెలలు ఏ చట్టం అన్న వాదనలోనే పోయాయి. రెండు దేశాల లాయర్లకి ఫీజులు కట్టాం. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది.

2016 నవంబరులో ఐకాన్ సమావేశాలు మన హైదరాబాద్‌లోనే జరిగాయి. ఈ జ్యూరిస్‌డిక్షన్ విషయం, అంటే ఎవరి చట్టం, ఎవరి పరిధి అన్నది, అప్పుడు వేడిగా ఉంది. దాని మీద పనిచేసిన బృందం 2018 నివేదికలో ‘మెనూ’ పద్ధతిని సిఫార్సు చేసింది: కొన్ని చట్టాల జాబితా ఇచ్చి, అందులోంచి రిజిస్ట్రీ ఎంచుకునే వీలు కల్పించాలని. నాకు అదే న్యాయంగా అనిపిస్తుంది. అందరికీ ఒకే చట్టం ఉంటే ఒప్పందాల అర్థం ఒకేలా ఉంటుందన్న వాదనలోనూ బలముంది, కానీ ఆ ఒక్కటీ ఎప్పుడూ అవతలివాళ్ల చట్టమే ఎందుకు కావాలి?

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. భారత చట్టం రాసుకున్నా, ఐకాన్ కాలిఫోర్నియాలో నమోదైన సంస్థే కాబట్టి అమెరికా ఆంక్షల చట్టాలు దాన్ని వదలవు. ఎవరితో వ్యాపారం చేయవచ్చన్న విషయంలో అవి మీ ఎంపికకి లోబడవు. డాట్ ఇన్‌తో కూడా పోల్చకండి. అది దేశం కోడ్ డొమైన్, మన దేశ సంస్థ నిక్సీ నడుపుతుంది, దానికి ఇలాంటి రిజిస్ట్రీ ఒప్పందం లేదు.

ఐకాన్ పేపర్లలో మీరు మార్పించగలిగేది తక్కువే. మీరు సంతకం చేయబోయే వెర్షన్‌లో ఐదో ఆర్టికల్ చదివించి, మిగతా బలమంతా బ్యాకెండ్ కంపెనీతో, మీ డొమైన్ పేర్లు జనానికి అమ్మే రిజిస్ట్రార్లతో మీరు రాసుకునే కాంట్రాక్టుల మీద పెట్టండి. చట్టం పేరు ఒక లైను, ఆర్బిట్రేషన్ సీటు, అంటే అది జరిగే చోటు, ఇంకో లైను. రెండూ విడివిడిగా రాయించండి, పసుపు రంగు మిగిలిన డ్రాఫ్టు మీద మాత్రం సంతకం పెట్టనివ్వకండి.