ఇంట్లో చేసే చైనీస్ నూడుల్ సూప్‌కి రుచి ఎక్కడ పడుతుంది?

మీ ప్రశ్నలో రెండు ఫిర్యాదులున్నాయి. ఎంత సోయాసాస్ పోసినా సూప్ నల్లబడుతోంది గానీ రుచి రావడం లేదు, నూడుల్స్ తినేలోపే ఉబ్బి ముద్దైపోతున్నాయి. మీరు రాసిన పద్ధతి చూస్తే రెండింటికీ కారణం ఒకటేననిపిస్తోంది. నీళ్లు, నూడుల్స్, సాస్, కూరగాయలు అన్నీ ఒకే గిన్నెలో వేసి ఉడికిస్తున్నారు. నూడుల్స్‌లోని పిండి నీళ్లలోకి దిగి సూప్ చిక్కబడుతుంది, చిక్కబడిన కొద్దీ ఉప్పు నాలుకకు తక్కువగా తెలుస్తుంది. దాంతో ఇంకాస్త సాస్ పోస్తాం. ఈలోగా నూడుల్స్ ఆ నీళ్లన్నీ తాగేస్తాయి.

నేను ఎంబీబీఎస్ చదివింది చైనాలో, జియాంగ్సు ప్రావిన్స్‌లోని జెన్‌జ్యాంగ్‌లో. యాంగ్జీ నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న ఊరు, నూడుల్స్‌కీ నల్ల వెనిగర్‌కీ పేరు. తమ ఊళ్లో మూడు వింతలున్నాయని అక్కడివాళ్లు సరదాగా చెప్పుకుంటారు. వెనిగర్ ఎన్నాళ్లున్నా పాడవదు, వాళ్ల ప్రత్యేకమైన పంది మాంసం ముక్కని కూరగా లెక్కపెట్టరు, నూడుల్స్ కాగులో మూత కూడా ఉడుకుతుంది. మూడోది నిజంగానే కనిపిస్తుంది. పెద్ద కాగు, దానికన్నా చాలా చిన్న చెక్క మూత. అది నీళ్ల మీద తేలుతుంటే చుట్టూ నూడుల్స్ తిరుగుతుంటాయి. మూత పక్కలనుంచి ఆవిరి పోతుంది కాబట్టి నురగ పొంగదని చెబుతారు. పిండిని కూడా చేత్తో కాదు, లావుపాటి వెదురు బొంగుకి ఒక చివర కూర్చుని ఎగురుతూ నొక్కుతారు.

మావాళ్లంతా ఫోన్లు తీసి ఆ మూతనే ఫొటోలు తీసుకునేవాళ్లు. అసలు చూడాల్సింది పక్కన బల్ల మీద వరసగా పరిచిన ఖాళీ గిన్నెల్ని. కొట్టావిడ ప్రతి గిన్నెలో ఒక చిన్న గరిటెడు సోయాసాస్, చెంచా కొనతో కాస్త తెల్లటి పంది కొవ్వు, తరిగిన ఉల్లికాడలు, చిటికెడు మిరియాల పొడి వేసుకుంటూ పోయేది. నూడుల్స్ ఉడకడానికి వస్తున్నాయనగా గిన్నెల్లో వేడి నీళ్లో, ఎముకల రసమో పోసేది. కొవ్వు కరిగి పైన బంగారు చుక్కల్లా తేలేది. అప్పుడు జల్లి గరిటెతో నూడుల్స్ తీసి, గట్టిగా ఒక విదుపు విదిపి గిన్నెలో పడేసేది. కాగులో ఉప్పు లేదు, సాస్ లేదు, ఉత్త నీళ్లే. ఉప్పూ ఘాటూ కొవ్వూ అన్నీ తినే గిన్నె అడుగునే ఉంటాయి. మీరు మార్చుకోవాల్సింది ఈ ఒక్కటే. మిగతావన్నీ దొరికినదాన్నిబట్టి సర్దుకోవచ్చు.

ఒక మనిషికి నా లెక్క చెబుతాను. గిన్నెలో పెద్ద చెంచాన్నర లైట్ సోయాసాస్ (ఉప్పు తగ్గించినది కాదు, పల్చగా ఉప్పగా ఉండే మామూలు రకం), రంగుకోసం అర టీస్పూన్ డార్క్ సోయాసాస్ (లేకపోయినా నష్టం లేదు), పావు టీస్పూన్ పంచదార, చిటికెడు తెల్ల మిరియాల పొడి, ఒక టీస్పూన్ ఉల్లికాడల నూనె. దీని మీద 350 మిల్లీలీటర్ల మరిగే రసం. విడిగా ఉప్పు అక్కర్లేదు, ఆ సాస్‌లో ఉన్నది సరిపోతుంది. పంచదార పేరు చెప్తే మనవాళ్లు మొహం చిట్లిస్తారు గానీ, జియాంగ్సు వంటలో అది మామూలు. ఇంత తక్కువ వేస్తే తీపి తెలియదు, సాస్‌లోని కరుకుదనం మాత్రం తగ్గుతుంది.

నల్లబడుతోంది గానీ రుచి లేదన్నారు కదా, ఒకసారి సీసా వెనక లేబుల్ చదవండి. మన కిరాణా కొట్లలో దొరికే చవక సోయాసాస్‌లలో చాలావాటికి ముందు వరసలోనే కారామెల్ రంగు, ఆమ్లం, ఉప్పు కనిపిస్తాయి. గోబీ మంచూరియాకి అవి చాలు. పల్చటి సూప్‌లో మాత్రం సాసే నడుం కట్టాలి కాబట్టి, సోయా గింజల్ని పులియబెట్టి చేసిన లైట్ సాస్ కొనాలి. కాస్త ఖరీదే, కానీ గిన్నెకి చెంచాన్నరే పడుతుంది కాబట్టి చాలాకాలం వస్తుంది. నేను ఇంకో పని కూడా చేస్తాను. ఒక కప్పు సాస్‌లో పావు కప్పు నీళ్లు, అల్లం ముక్క, రెండు ఉల్లికాడలు, ఒక అనాసపువ్వు వేసి సన్నమంట మీద ఐదు నిమిషాలు కాచి, వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను. జెన్‌జ్యాంగ్ కొట్లలో కూడా సాస్‌ని ఇలా మసాలా దినుసులతో కాచే వాడతారు. ఇది వాడినరోజు నీళ్లు కలిశాయి కాబట్టి పెద్ద చెంచాలు రెండు పోసుకోండి.

ఇక కొవ్వు. ఇది లేని సూప్ ఎంత ఉప్పగా ఉన్నా నీళ్లలాగే ఉంటుంది. పంది కొవ్వు అందరిళ్లలో కుదరదు కనుక ఉల్లికాడల నూనె చేసుకోండి. అర కప్పు వేరుశనగ నూనెలో గుప్పెడు ఉల్లికాడలు, ముఖ్యంగా తెల్లభాగం, వేలంత ముక్కలుగా కోసి, చల్లటి నూనెలోనే వేసి సన్నమంట మీద పెట్టాలి. పదిహేను ఇరవై నిమిషాలకి అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. అక్కడ ఆపాలి. నల్లబడితే చేదు. మనం చారులో ఆఖర్న వేసే పోపు ఏం పని చేస్తుందో, ఇక్కడ ఈ నూనె అదే పని చేస్తుంది. ఇంట్లో నువ్వుల నూనె ఉందిగా అని అది పోయకండి. మన గానుగ నువ్వుల నూనె పచ్చి గింజలది, చైనావాళ్లది దోరగా వేయించిన నువ్వుల నుంచి తీసింది. వాసనే వేరు. వాళ్లది దొరక్కపోతే నువ్వులు వేయించి, కచ్చాపచ్చాగా దంచి పైన చల్లుకోవడం మెరుగు.

రసం గురించి ఎక్కువ హైరానా పడక్కర్లేదు. చైనాలో చాలా ఇళ్లలో హడావిడిగా ఉన్నప్పుడు కెటిల్లో మరిగిన నీళ్లే సాస్ మీద పోసేస్తారు, బాగానే ఉంటుంది. తీరిక ఉంటే చికెన్ కొట్లో బోన్‌లెస్ తీసేశాక మిగిలిన ఎముకలు అడగండి. అరకిలో ఎముకల్ని చల్లటి నీళ్లలో వేసి ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్లు పారబోసి ఎముకలు కడగండి. తర్వాత రెండు లీటర్ల నీళ్లు, నాలుగు అల్లం చెక్కలు వేసి గంటన్నర సేపు సన్నగా ఉడకనివ్వండి. పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా దేన్నీ దగ్గరికి రానివ్వకండి. శాకాహారులైతే ఎండు షిటాకే పుట్టగొడుగులు రాత్రి నానబెట్టి ఆ నీళ్లతో సహా మరిగించండి. సోయా గింజల మొలకలు కాసేపు నూనెలో వేయించి, నీళ్లు పోసి అరగంట ఉడికించి వడగట్టినా మంచి రసం వస్తుంది. మాంసం ముట్టని చైనా వంటల్లో ఈ రెండూ పాత ఆధారాలే.

నూడుల్స్‌కి హక్కా నూడుల్స్ ప్యాకెట్ చాలు. రెండు నిమిషాల నూడుల్స్ వద్దు, చాలావరకు నూనెలో వేయించి ఎండబెట్టినవి, ఆ వాసన సూప్ నిండా పరుచుకుంటుంది. మనిషికి 100 గ్రాములు, దానికి లీటరుకి తగ్గకుండా నీళ్లు. పొంగు వచ్చినప్పుడల్లా అర గ్లాసు చల్లటి నీళ్లు పోయండి, ఇలా రెండుసార్లు. పైన మెత్తబడి లోపల పచ్చిగా ఉండిపోకుండా సమంగా ఉడుకుతాయి. ప్యాకెట్ మీద రాసినదానికన్నా ఒక నిమిషం ముందే తీసేయండి, మిగతాది వేడి రసంలో అవుతుంది. ఫ్రైడ్ నూడుల్స్‌కి చేసినట్టు చల్లటి నీళ్లతో కడిగి నూనె పట్టించకండి. నూనె పట్టిన నూడుల్స్‌కి రసం అంటదు. కాగు నుంచి నేరుగా గిన్నెలోకే. అదే నీళ్లలో పాలకూర ఆకులు నాలుగు ముంచి తీసి పైన పెట్టుకోవచ్చు. ఒక వేయించిన గుడ్డు కూడా పెడితే పూట గడిచిపోతుంది.

అజినొమోటో వేయాలా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా. ఎముకల రసం ఉంటే అక్కర్లేదు, ఉత్త వేడినీళ్లయితే చిటికెడు వేస్తాను. 1908లో జపాన్‌లో ఇకెదా కికునాయె అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచునుంచి దీన్ని గుర్తించాడు, 1923 నాటికి షాంఘైలో వు యున్‌చు సొంత ఫ్యాక్టరీ పెట్టాడు. అప్పట్నుంచి అది చైనా వంటింట్లో మామూలు డబ్బా. భయం మొదలైంది 1968లో, చైనా హోటళ్లలో తిన్నాక మెడ మొద్దుబారి, గుండె దడ వస్తోందని ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన డాక్టరు ఉత్తరంతో. తర్వాతి పరీక్షల్లో మామూలు మోతాదుకి ఆ లక్షణాలు నిలకడగా రుజువు కాలేదు. మామూలు ఉప్పులో సోడియం బరువులో 39 శాతం, దీనిలో 12 శాతం. నన్నడిగితే ఆ సూప్‌లో అసలు లెక్కపెట్టుకోవాల్సింది సోయాసాస్‌ని. బీపీ ఉన్నవాళ్లు రసం మొత్తం తాగకుండా కొంత గిన్నెలో వదిలేయడం మంచిది.

వెనిగర్ ఆఖర్న, బల్ల దగ్గర, ఎవరికి కావలసినంత వాళ్లు పోసుకుంటారు. జెన్‌జ్యాంగ్‌ది జిగురు బియ్యంతో చేసిన నల్ల వెనిగర్, పులుపు కన్నా వాసన ఎక్కువ. మన కొట్లలో దొరికే తెల్లటి సింథటిక్ వెనిగర్ పోస్తే గొంతులో మంటే మిగులుతుంది. అసలుది దొరక్కపోతే మాల్ట్ వెనిగర్ నాలుగు చుక్కలు కాస్త దగ్గరగా వస్తుంది.

సాస్‌లూ నూనెలూ ఇన్ని సమకూర్చుకోలేనంటే టమాటా గుడ్డు నూడుల్స్ చేసుకోండి. చైనాలో పిల్లలకి ఇళ్లలో చేసిపెట్టే సూప్ ఇది. రెండు గుడ్లు గిలకొట్టి వేడి నూనెలో పెద్ద ముక్కలుగా వేయించి పక్కన పెట్టాలి. అదే బాండీలో రెండు పండు టమాటాలు ఉప్పుతో మెత్తగా మగ్గనిచ్చి, నీళ్లు పోసి మరిగించాలి. చిటికెడు పంచదార, గుడ్డు ముక్కలు వేసి, విడిగా ఉడికించిన నూడుల్స్ మీద పోసుకోవడమే. రుచి బాండీలోనే పడే సూప్ ఇది, అయినా నూడుల్స్ మాత్రం వేరుగానే ఉడకాలి. పచ్చిమిర్చి వేయొచ్చా అంటే వేయొచ్చు, హాస్టల్లో తెలుగువాళ్లమంతా వేసుకునేవాళ్లం. చూసిన చైనా స్నేహితులు ఏమీ అనలేదు గానీ మా గిన్నెల్లో రుచి చూడమంటే మాత్రం దూరంగా జరిగేవాళ్లు.