రాక్ వినే చెవికి కర్ణాటక సంగీతం ఎక్కాలంటే

రాక్ తప్ప వేరేది వినని మీకు కచేరీలో ఆలాపన మొదలవగానే నిద్ర ముంచుకొస్తోందన్నారు. లోపం మీ చెవిది కాదండీ, మొదలుపెట్టిన చోటుది. ఆలాపన అంటే పాటకు ముందు రాగాన్ని మాటల్లేకుండా విస్తరించి పాడడం, దానికి తాళం ఉండదు. డ్రమ్స్ లయ పట్టుకుని వినే అలవాటున్నవారికి అక్కడ పట్టు దొరకదు. ఒకే రాగాన్ని చాలాసేపు విస్తరించే రాగం తానం పల్లవి జోలికైతే ఇప్పట్లో వెళ్లకండి.

1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌తో మొదలుపెట్టండి. ఆయనది ఎలక్ట్రిక్ మాండలిన్. గిటార్ తీగ లాగి స్వరం వంచడం విన్న మీకు గమకం, అంటే స్వరాన్ని ఊపడం, వంచడం, తేలిగ్గా అందుతుంది. ఐదారు నిమిషాల ఆదితాళం కృతి (కర్ణాటక సంగీతపు పాట) ఒక్కటే తీసుకుని వారమంతా అదే వినండి. చేత్తో తాళం వేయండి: దెబ్బ, చిటికెనవేలు, ఉంగరంవేలు, మధ్యవేలు, ఆపైన దెబ్బ, అరచెయ్యి తిప్పడం, మళ్లీ దెబ్బ, తిప్పడం. మొత్తం 8. చాలా కృతుల ఎత్తుగడ, అంటే పాట మొదలు, మొదటి దెబ్బ మీద కాక కాస్త ఆగి వస్తుంది. లెక్క తప్పిందనుకుని ఆపేయకండి.

పల్లవి మొదటి పాదం మళ్లీ మళ్లీ వస్తుంది, వచ్చినప్పుడల్లా కొంచెం మారుతుంది. ఆ మార్పులనే సంగతులు అంటారు. మీకు సాగదీతలా తోచేది అదే, అసలు రుచీ అక్కడే ఉంది! మూడోసారి ఎక్కడ మారిందో పట్టుకోండి. పని చేసుకుంటూ వెనకాల పెట్టుకుంటే ఇది దొరకదు.

గాత్రానికి బాలమురళీకృష్ణ మంచిది, తెలుగు మాట స్పష్టంగా వినపడుతుంది. ఆలాపన చివరికి ఉంచుకోండి, అదీ మీకు బాగా అలవాటైన కృతి రాగంలోనే, రెండు మూడు నిమిషాలది.