డాక్టర్ సలహా: పెళ్లి కాని పిల్లకు ఈ టీకా ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. హనుమకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ సెకండియర్ చదువుతోంది. కాలేజీలో హెచ్‌పీవీ టీకా వేస్తారట, ఫారం మీద సంతకం పెట్టమంటోంది. పెళ్లి కాని పిల్లకు ఇదెందుకు, రేపు పిల్లలు పుట్టకపోతే ఎట్లా అని మా అత్తమ్మ అంటోంది. అమ్మాయికి నెలసరి కూడా సరిగా రాదు. పైగా ఖమ్మంలో అప్పట్లో ఏదో జరిగిందని విన్నాం. టెన్షన్‌గా ఉంది. వేయించమంటారా?
- ఒక తల్లి, పరకాల

జవాబు: వేయించండమ్మా. పెళ్లి కాలేదు కాబట్టే ఇప్పుడు వేయించాలి. హెచ్‌పీవీ అనేది ఒక వైరస్, ముఖ్యంగా లైంగిక సంబంధం వల్ల సోకుతుంది. టీకా కొత్తగా రాకుండా ఆపుతుంది కానీ, ఒంట్లో చేరినదాన్ని పోగొట్టదు. చేనుకు కంచె పశువులు పడ్డాక వేయం కదా, అత్తమ్మగారికి అట్లా చెప్పి చూడండి. గర్భసంచి మూతి దగ్గర వచ్చే క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఈ వైరస్‌లోని 16, 18 రకాల వల్లే వస్తాయి. మన దగ్గర దొరికే టీకాలు ఆ రెండింటినీ అడ్డుకుంటాయి.

పిల్లలు పుట్టరన్నది వట్టి మాట. టీకాలో బతికిన వైరస్ ఉండదు, దాని పైపొర లాంటి ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. నెలసరి సరిగా రాకపోవడం టీకాకు అడ్డం కాదు. అది వేరే సంగతి, థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల్లో చిన్న నీటితిత్తుల సమస్య) ఉన్నాయేమో విడిగా చూపించండి.

ఖమ్మం విషయంలో మీ భయం అర్థమైంది. 2009లో అక్కడ బడిపిల్లలకు ఈ టీకా వేశారు. తర్వాత కొందరు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణలో తేలింది. కానీ చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. అది ముమ్మాటికీ తప్పే. ఇప్పుడు మీ అమ్మాయి మేజర్, తనకు కూడా అర్థమయ్యేలా చెప్పి, తను ఒప్పుకున్నాకే వేయాలి.

కంపెనీ చెప్పే లెక్క ప్రకారం 15 ఏళ్లు దాటితే మూడు డోసులు: ఇవాళ, రెండు నెలలకు, ఆరు నెలలకు. 20 ఏళ్ల వరకు ఒక్క డోసు కూడా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. కాలేజీలో ఏ లెక్కన వేస్తున్నారో, మిగతా డోసులు ఎవరు వేస్తారో ముందే అడగండి. ఆరో నెల డోసు సరిగ్గా సెలవుల్లో పడుతుంది, కార్డు హాస్టల్ పెట్టెలోనే ఉండిపోతుంది. కార్డు ఫొటో మీ ఫోన్‌లో పెట్టుకోండి.

గట్టిగా జ్వరం ఉంటే వాయిదా వేయండి. ఇంజక్షన్ అయ్యాక పావుగంట కూర్చోబెట్టాలి. మా దగ్గర కళ్లు తిరిగి పడిపోయే అమ్మాయిల్లో ఎక్కువమంది పొద్దున టిఫిన్ తినకుండా వచ్చినవాళ్లే! చెయ్యి ఒకటి రెండు రోజులు నొప్పి పెడుతుంది, అంతే.

మీరు మీ గురించి ఏమీ రాయలేదు. 30 దాటిన ఆడవాళ్లంతా గర్భసంచి మూతికి పరీక్ష చేయించుకోవాలి. వెనిగర్ లాంటి మందు అద్ది చూస్తారు, ఐదు నిమిషాల పని. అమ్మాయికి టీకా వేయించే రోజుల్లోనే మీరూ ఆసుపత్రికెళ్లి చూపించుకుని రండి.