ఉచిత సైకిల్ రిపేర్ షెడ్డు: వాలంటీర్లు నిలవాలన్నా, సెంటర్లో మేస్త్రి నష్టపోకూడదన్నా

మీరు మూడు విషయాలు అడిగారు. అపార్ట్‌మెంట్ల కింద తుప్పు పట్టి పడున్న సైకిళ్లు సేకరించి, ఆదివారాలు వాలంటీర్లతో షెడ్డు నడిపి, చుట్టుపక్కల పిల్లల సైకిళ్లు ఉచితంగా బాగుచేద్దామనుకుంటున్నారు. వాలంటీర్లు నిలుస్తారా? డబ్బు తీసుకోవాలా? సెంటర్లో సైకిళ్లు బాగుచేసుకుని బతికే మేస్త్రి పొట్ట కొట్టినట్టవుతుందా?

కాకినాడలో ఒక మునిసిపల్ స్కూలు వరండాలో ఆరేళ్లుగా మేం చేస్తున్నది ఇదే పని, ప్రతి ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా. ముందు మూడో ప్రశ్నకే జవాబు చెబుతాను. మేం పెద్ద తప్పు చేసింది అక్కడే.

మొదటి రెండు నెలలూ ‘పంక్చరు ఉచితం’ అని బోర్డు పెట్టాం. జనం బాగానే వచ్చారు. సైకిల్ మా దగ్గర వదిలి, ఇంటికెళ్లి టిఫిన్ చేసొచ్చి పట్టుకుపోయేవారు. ఎన్ని సైకిళ్లు చేశామో లెక్క రాసుకుని మేమూ సంబరపడేవాళ్లం. ఒక ఆదివారం సెంటర్లో చెట్టు కింద కూర్చునే మేస్త్రి గారు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు. “ఆదివారం నాకు పది పన్నెండు పంచర్లు తగిలేవండి. ఇప్పుడు రెండో మూడో. మీరు చేసేది మంచి పనే, కాదనను. నాకు మాత్రం ఇదే బతుకు కదండీ” అన్నారు. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఇంకా బాధేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ వారమే బోర్డు చెరిపేసి ‘మీ సైకిల్ మీరే బాగుచేసుకోండి, ఎలాగో మేం చూపిస్తాం’ అని రాశాం. సైకిల్ వదిలేసి వెళ్తామనే పెద్దవాళ్లని నేరుగా మేస్త్రి గారి దగ్గరికే పంపాం. ఆ తర్వాత ఆయన ఇంటికెళ్లి, మాకు పని నేర్పమని అడిగాం. నెలకి రెండు ఆదివారాలు రెండు గంటల సేపు వచ్చి నేర్పుతారు, పూటకి 500 రూపాయలు ఇస్తాం. ఆయన వద్దన్నా సరే ఇస్తాం. మా వాలంటీర్లు ఊరికే చేస్తున్నారని ఆయన కూడా ఊరికే చెయ్యాలనుకోవడం న్యాయం కాదు. ఆయనకి అది జీవనం, మాకు సెలవు రోజు.

షెడ్డు మొత్తం ఇప్పుడు ఒక్క నియమం మీదే నడుస్తోంది: సైకిల్ ఎవరిదో పానా వాళ్ల చేతిలోనే ఉండాలి. ఇది మేం కొత్తగా కనిపెట్టింది కాదు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్మా మొదలుపెట్టిన రిపేర్ కఫేల పద్ధతీ ఇదే: వస్తువు తెచ్చినవాళ్లు పక్కనే కూర్చుని పనిలో చెయ్యి కలుపుతారు. అయితే చదివినప్పుడు తేలిగ్గా కనిపించే ఈ నియమం పాటించడం చాలా కష్టం. ఎదుటి పిల్ల టైరు ఊడదీయడానికి పావుగంట పెనుగులాడుతుంటే, అర నిమిషంలో చేసి ఇచ్చేద్దామని మన చెయ్యి లాగేస్తుంది. ఆపుకోవాలి.

ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి, ఎవరో ఒకతను వేసిన ప్యాచీ మళ్లీ ఊడిపోయిందని సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. ట్యూబు తీసి నీళ్ల బేసిన్లో తనే ముంచింది. పాత ప్యాచీ అంచు నుంచి సన్నగా బుడగలు. ప్యాచీ పీకి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి వెంటనే అతికించబోయింది. ఆగమన్నాను. “ఎంతసేపు అంకుల్?” అంది. వేలు పెడితే అంటుకోకూడదు, అప్పుడే ప్యాచీ వేయాలి అని చెప్పాను. రెండు నిమిషాలకోసారి వేలి వెనక భాగంతో తాకి చూస్తూ కూర్చుంది. ప్యాచీలు ఎక్కువగా ఊడిపోయేది ఈ నాలుగైదు నిమిషాలు ఓపిక పట్టకే. ఈలోగా టైరు లోపల బొటనవేలితో తడమమన్నాను. సగం దూరం వెళ్లాక “అబ్బా” అని చెయ్యి లాక్కుంది. తుమ్మముల్లు మొన. మొదట ప్యాచీ వేసినతను టైరు తడమలేదు. ఆ ముల్లు అలాగే ఉండుంటే మా ప్యాచీ కూడా మర్నాటికి పోయేది. ఆ అమ్మాయి ఆ తర్వాత తన క్లాసులో నలుగురికి నేర్పింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, ఆదివారం తాళం చెవి తన దగ్గరే ఉంటుంది.

వాలంటీర్ల సంగతికి ఇదే జవాబు. మొదటి రోజు పద్నాలుగు మంది పేర్లిచ్చారు. మూడో నెలకి నలుగురు మిగిలారు. ఆరంభశూరత్వం అని వాళ్లని తిట్టుకున్నాను గానీ, తప్పు నాదే. పని తెలిసింది నాకూ, పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకీ. కష్టమైన పనంతా మేమిద్దరం చేసేవాళ్లం, మిగతావాళ్లు సైకిల్ పట్టుకుని నిలబడేవారు, చైన్లు తుడిచేవారు. నాలుగు వారాలు చైను తుడిచాక ఎవరు వస్తారు? కొత్త పని నేర్చుకున్న వారం మనిషి మళ్లీ వస్తాడు. నేర్చుకున్నది ఇంకొకరికి చూపించిన వారం ఇక మానడు. అందుకని ఇప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కో పని సొంతంగా అప్పజెప్పాం. ఒకరు బ్రేకులు, ఒకరు రిమ్ము బెండు తీయడం, ఒకరు ఇరుసుల్లో గోళీలు (బాల్ బేరింగులు) తిరిగే కప్పులూ కోన్లూ. మూడు నెలలకోసారి మారతారు. ఎవరైనా రాకపోతే ఫోన్ చేసి ‘ఎందుకు రాలేదు’ అని అడగం. ‘వచ్చే వారం చక్రం బెండు తీసే పనుంది, నీకోసం ఉంచాం’ అంటాం. మార్చిలో పరీక్షలప్పుడు షెడ్డు మూసేస్తాం. ముందే చెప్పి మూస్తే ఎవరికీ టెన్షన్ ఉండదు.

బెండు తీయడానికి ఖరీదైన స్టాండు కొనక్కర్లేదు. సైకిల్ తిరగేసి, బ్రేకు కట్టనే గుర్తుగా పెట్టుకుని చక్రం తిప్పితే రిమ్ము ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. పుల్లని (స్పోక్‌ని) రిమ్ముకి బిగించే చిన్న నట్టే నిప్పిల్, దాన్ని ఒకసారికి పావు చుట్టు మించి తిప్పనివ్వకండి. నల్ల సైకిళ్లకి ముందు చక్రంలో 32, వెనక 40 పుల్లలు ఉంటాయి. పిల్లలకి ముందు ఆ లెక్క పెట్టమనండి, ఏ పుల్ల విరిగిందో అక్కడే దొరుకుతుంది. అలాగే ఎడమ పెడల్ మర ఉల్టాగా ఉంటుందని మొదటి రోజే చెప్పండి. తెలియక బలంగా తిప్పి క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) మర పాడుచేసిన కేసులు మాకు మొదటి ఏడాదే మూడు.

ఇంకొకటి జరిగింది, ఇది చెప్పకుండా ఈ జవాబు రాయకూడదు. రెండో ఏడాది ఒక కుర్రాడి సైకిల్‌కి ముందు చక్రం తీసి బిగించాం. ఒకరు మొదలుపెట్టారు, మధ్యలో ఇంకొకరు అందుకున్నారు, ఒక పక్క నట్టు చేత్తో తిప్పి వదిలేశారు. ఎవరికి వారు రెండోవాళ్లు బిగించారనుకున్నారు. జగన్నాథపురం వంతెన దిగుతుంటే చక్రం పక్కకి జరిగి ఫోర్కుకి పట్టేసింది. గడ్డం పగిలి మూడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో వాళ్ల నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు, ‘పిల్లల చేత చేయించేటప్పుడు చూసుకోవాలి కదా సార్’ అని మాత్రం అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాలో ఉంది.

అప్పటి నుంచి ఎర్ర దారం పద్ధతి పెట్టాం. పని అయిపోయిన ప్రతి సైకిల్‌నీ, ఆ పని ముట్టుకోని మనిషి తనిఖీ చేయాలి. రెండు చక్రాల నట్లు, హ్యాండిల్ బిగువు, రెండు బ్రేకులు, రెండు పెడళ్లు, సీటు. చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టి హ్యాండిల్ తిప్పి చూడాలి. అన్నీ సరిపోతే హ్యాండిల్‌కి ఎర్ర దారం కట్టాలి. దారం లేని సైకిల్ గేటు దాటదు, అది హెడ్మాస్టర్ గారిదైనా సరే. మీరు ఇంకేం పాటించినా పాటించకపోయినా, ఇది మాత్రం మొదటి ఆదివారం నుంచే పెట్టండి.

డబ్బు విషయం తేలికే. మనిషి పనికి డబ్బు వద్దు, సామానుకి కొన్న ధర తీసుకోండి. ట్యూబు, బ్రేకు కట్టలు, చైను దేనికైనా హోల్‌సేల్ బిల్లు గోడకి అంటించి ఉంచుతాం. నెలాఖరుకి జమాఖర్చులు స్కూలు నల్లబల్ల మీద రాస్తాం. ఇచ్చుకోలేని పిల్లలుంటే ఆ డబ్బు మా షెడ్డు డబ్బాలోంచి పెడతాం, ఎవరికి పెట్టామో రాయం.

సేకరించే సైకిళ్ల గురించి ఒక జాగ్రత్త. ఇస్తామన్నవన్నీ తీసుకోకండి. మేం మొహమాటపడి తీసుకుంటే ఏడాదిలో వరండా నిండిపోయింది, చివరికి సగం పాత ఇనుముకి వేయాల్సొచ్చింది. అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చేవి ఎక్కువగా గేర్లూ షాక్ అబ్సార్బర్లూ ఉన్న పిల్లల సైకిళ్లు. ఒకదాని పార్టు ఇంకోదానికి పట్టదు. పాత నల్ల సైకిల్ అలా కాదు, ఒకదాని పార్టు ఇంకోదానికి పడుతుంది. ఆ సైకిళ్లు తయారుచేసిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజే ఆగిపోయింది. అయినా మా దగ్గరున్న అట్లాస్ సైకిళ్లకి ఇప్పటికీ ఏ లోటూ లేదు, లుధియానా నుంచి వచ్చే మామూలు సామానే సరిపోతుంది. ఫ్రేము పగిలితే, ముందు ఫోర్కు వంగితే వద్దని చెప్పేయండి.

మా ఊళ్లో సముద్రపు గాలి వల్ల చైను తొందరగా తుప్పు పడుతుంది. బిగుసుకున్న చైను డీజిల్లో ఒక రాత్రి నానబెడితే కదులుతుంది. కదిలినంత మాత్రాన వేసెయ్యకండి, స్కేలు పెట్టి కొలవండి. పన్నెండు జతల లింకులు సరిగ్గా పన్నెండు అంగుళాలు ఉండాలి. అర్ధపావు అంగుళం (అంగుళంలో ఎనిమిదో వంతు) సాగితే ఆ చైను పళ్లచక్రాల పళ్లని తినేస్తుంది, కొత్తది వేయడమే మేలు.

అలా తయారైన సైకిళ్లని ఊరికే పంచడం కూడా మానేశాం. అమెరికాలో 1984లో పుట్టి, బోస్టన్‌లో పనిచేసే బైక్స్ నాట్ బాంబ్స్ అనే సంస్థ పిల్లలకి రిపేరు నేర్పి, వాళ్లు బాగుచేసిన సైకిల్‌ని వాళ్లకే ఇస్తుంది. మేమూ అదే చేస్తున్నాం. సైకిల్ కావలసిన పిల్లవాడు ఆరు ఆదివారాలు వచ్చి, గోళీలు కడగడం నుంచి బెల్లు బిగించడం దాకా తనే చేసి, ఏడో ఆదివారం తొక్కుకుంటూ వెళ్తాడు. ఊరికే ఇచ్చిన సైకిళ్లు కొన్ని నెల తిరక్కుండా మా దగ్గరికే చెడిపోయి వచ్చేవి. ఇవి రావు. వచ్చినా, పానా ఇవ్వండి చాలు అంటూ వస్తారు.

మొదలుపెట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక మంచి పంపు, బేసిన్, టైరు లివర్లు, పానాల సెట్టు, నిప్పిల్ తాళం, గ్రీజు డబ్బా, వాల్‌ట్యూబు (ట్యూబు వాల్వుకి తొడిగే సన్నని రబ్బరు గొట్టం) చుట్ట ఒకటి. జూన్‌లో బడులు తెరవడానికి రెండు వారాల ముందు మొదలుపెట్టండి, సెలవుల్లో మూలపడ్డ సైకిళ్లన్నీ అప్పుడే బయటికి వస్తాయి. కానీ అంతకంటే ముందు మీ సెంటర్లో మేస్త్రి గారి దగ్గరికి వెళ్లి మాట్లాడండి. కాకినాడ రాగలిగితే ఏదో ఒక ఆదివారం ఎనిమిదింటికి రండి, పాత బట్టలు వేసుకుని.