పొరుగు దేశాల నదీజలాల పంపకంలో ఎగువన తోడే నీటికీ లెక్క ఉండాలి

నది ఎగువన ఉన్న దేశానికి ఎక్కువ హక్కు ఉంటుందా, దిగువన ఉన్న దేశానికా అని మీరు అడిగారు. 1997 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఎవరికీ పెద్దపీట వేయలేదు. సమంజసంగా వాడుకోవాలని, పొరుగువారికి చెప్పుకోదగ్గ హాని చేయరాదని మాత్రమే చెప్పింది. అయితే చిక్కంతా నీరు తగ్గిన ఏడాదిలోనే ఉంది.

మాది తిరుపతి జిల్లా సత్యవేడు ప్రాంతం. కండలేరు జలాశయం నుంచి చెన్నైకి తాగునీరు తీసుకెళ్లే తెలుగుగంగ కాలువ మా వైపు నుంచే తమిళనాడులోకి ప్రవేశిస్తుంది. 1983 నాటి ఒప్పందం ప్రకారం, ఇవ్వాల్సిన 15 టీఎంసీల్లో దారిలో వృథాగా పోయే 3 టీఎంసీలు మినహాయించి, సరిహద్దు వద్ద ఏటా 12 టీఎంసీలు అందాలి: జులై నుంచి అక్టోబరు వరకు 8, జనవరి నుంచి ఏప్రిల్ వరకు 4. చాలా ఏళ్లు అంత నీరు అందలేదు. వేసవిలో పైరు ఎండిపోతుంటే పక్కనే పారే నీటిని చూస్తూ ఊరుకోలేక కాలువలో మోటార్లు దించే రైతులను ఏళ్లుగా చూస్తున్నాను. వారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, కానీ వారు తోడిన మేరకు సరిహద్దు దాటే నీరు తగ్గక తప్పదు.

గంగ విషయంలోనూ ఇదే జరుగుతోంది. భారత్, బంగ్లాదేశ్ 1996లో చేసుకున్న ఒప్పందం జనవరి 1 నుంచి మే 31 వరకు, పదేసి రోజుల లెక్కన, పశ్చిమ బెంగాల్‌లో సరిహద్దుకు దగ్గరగా గంగపై ఉన్న ఫరక్కా బ్యారేజీ వద్దకు వచ్చే నీటిని పంచుతుంది. ప్రవాహం 70,000 క్యూసెక్కులు లేదా అంతకు తక్కువైతే చెరిసగం. 75,000 వరకు బంగ్లాదేశ్‌కు 35,000, మిగిలినది మనకు. అంతకు మించితే మనకు 40,000, మిగతాదంతా వారికి. కొరత ఎక్కువగా ఉండే మార్చి 11 నుంచి మే 10 వరకు ఇరువురికీ పది రోజుల వంతుల్లో, ఒకరి తరువాత ఒకరికి, 35,000 క్యూసెక్కుల హామీ ఉంది. నదులనే విడదీసి తూర్పు మూడింటిని మనకు, పడమటి మూడింటిని ప్రధానంగా పాకిస్తాన్‌కు కేటాయించిన 1960 నాటి సింధు ఒప్పందం కన్నా కరువును కూడా పంచుకునే ఈ పద్ధతే నాకు న్యాయంగా తోస్తుంది.

లోపం మరోచోట ఉంది. ఈ లెక్కలకు ఆధారం 1949 నుంచి 1988 వరకు ఫరక్కా వద్ద నమోదైన సగటు ప్రవాహం. ఆ స్థాయిని కాపాడేందుకు శాయశక్తులా ప్రయత్నించడం ఎగువ దేశం బాధ్యత అని ఒప్పందం చెబుతుందే తప్ప, ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో ఎంత తోడుకోవచ్చో చెప్పదు. ప్రవాహం 50,000 క్యూసెక్కుల కంటే తగ్గితే ఇరు ప్రభుత్వాలు వెంటనే సంప్రదించుకోవాలన్నదే అందులోని ఏర్పాటు. ముప్పై ఏళ్ల గడువు 2026 డిసెంబరుతో తీరుతుంది కనుక, తరువాతి ఒప్పందంలో ఫరక్కాకు పైన జరిగే వాడకాన్ని కూడా ఇరుదేశాలూ కలిసి కొలిచే ఏర్పాటు ఉండాలని నా అభిప్రాయం.