కరెంటు (రేడియేషన్) పెట్టేముందు బిళ్ళలు (లింఫ్ గ్రంథులు) తీసి చూడటం అవసరమా? మా అత్తమ్మకు జరిగింది చెప్తాను

మీ అమ్మకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్, స్టేజి 3 అని మీరు పోస్టులో రాశారు. గర్భసంచి తీయరట, కానీ కరెంటు పెట్టేముందు కడుపులో బిళ్ళలు తీసి టెస్టుకు పంపుతారట. జబ్బు తీయనప్పుడు ఈ ఆపరేషన్ దేనికి అని కదా మీ ప్రశ్న? మూడేళ్ల కింద చిత్తూరు నుంచి మా అత్తమ్మను తీసుకుపోయినప్పుడు నేనూ ఇదే అడిగాను. నేను డాక్టర్ని కాదు, చూసిందీ విన్నదీ చెప్తున్నాను.

డాక్టరమ్మ ఓపీ చీటీ వెనక బొమ్మ వేసి చూపించింది. గర్భసంచి దగ్గర నుంచి పెద్ద రక్తనాళం వెంబడి పైకి, దారానికి గుచ్చిన పూసల్లా లింఫ్ గ్రంథులు ఉంటాయి. జబ్బు మామూలుగా కింది పూసల నుంచి పైపూసలకు ఎక్కుతుంది. కరెంటు మామూలుగా బొడ్డు దాపులదాకానే పెడతారు. పైన జబ్బు ఉండి అక్కడ పెట్టకపోతే అది మిగిలిపోతుంది. లేనిచోట పెడితే పేగులు ఊరికే దెబ్బతింటాయి. కాబట్టి ఈ ఆపరేషన్ జబ్బును తీసేయడానికి కాదు, కరెంటు ఎక్కడిదాకా పెట్టాలో తేల్చడానికి.

మరి స్కాన్ ఉంది కదా అంటారా? జబ్బు ఉన్నచోటు వెలుగుతూ కనబడే పెట్ స్కాన్‌లో కూడా కొద్ది మిల్లీమీటర్ల జబ్బు కనబడకపోవచ్చు. టీబీ ఉంటే, క్యాన్సర్ లేని బిళ్ళ కూడా వెలగొచ్చు. మన దగ్గర టీబీ తక్కువేం కాదు.

అత్తమ్మకు ఎడమ డొక్కలో చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, పేగుల జోలికి పోకుండా వెనక నుంచి తీశారు. మూడో రోజు ఇంటికొచ్చేసింది. స్కాన్‌లో పైన ఏమీ లేదన్నారు, కానీ తీసిన 12 గ్రంథుల్లో 2 పాజిటివ్, అంటే వాటిలో జబ్బు ఉంది. కరెంటుకు ముందు కడుపు మీద గీతలు గీస్తారు. మాకు ముందు చూపించిన ప్లానులో బొడ్డు దగ్గర ఆగాల్సిన గీత జానెడు పైకి పోయింది. "ఏమ్మా, గీత పైకి పోయిందే, రోగం పెరిగిందా?" అనింది అత్తమ్మ. "పెరగలేదత్తా, ముందే ఉంది, ఇప్పుడు కనిపెట్టినారు" అన్నాను. రెండోరోజే పసుపు రుద్దుకుని స్నానం చేసి సగం గీతలు చెరిపేసుకుంది, అది వేరే కథ.

మాకు దెబ్బ కొట్టింది ఆలస్యం. మేం వెళ్లిన చోట రిపోర్టు రావడానికే పన్నెండు రోజులు పట్టింది. అంతలో ఆపరేషన్ చేసినచోట నీరు చేరింది. ఆపరేషన్ అయిన నాలుగు వారాలకు గానీ కరెంటు మొదలవలేదు, అప్పటిదాకా బ్లీడింగ్‌తో రోజూ టెన్షనే. మొదలయ్యాక లోపల పెట్టే కరెంటుతో కలిపి ఎనిమిది వారాల్లోపు పూర్తి చేయాలంటారు. అందుకే ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందే రిపోర్టు ఎన్నాళ్లకు వస్తుంది, కరెంటు ఏ తేదీన మొదలుపెడతారు అని అడిగి రాయించుకోండి.

ఇది అందరికీ తప్పనిసరి కాదు. జర్మనీలో 255 మంది మీద యుటెరస్-11 అని ట్రయల్ చేశారు. ఆపరేషన్ చేసినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి, స్కాన్‌లో కనబడని జబ్బు బయటపడి స్టేజి పెంచి రాశారు, కానీ మళ్లీ జబ్బు రాకుండా ఉండటంలో ఆపరేషన్ చేసిన, చేయని రెండు గుంపులకూ కచ్చితమైన తేడా తేలలేదు. నా లెక్కలో, పైన జబ్బు ఉన్నట్టు స్కాన్‌లోనే స్పష్టంగా కనబడి, టీబీ అనుమానం కూడా లేకపోతే దీనితో ఒరిగేది తక్కువ. "రిపోర్టు ఎట్లా వచ్చినా కరెంటు ప్లాన్ మారదా?" అని సూటిగా అడగండి. మారదు అంటే ఆపరేషన్ ఎందుకో వాళ్లే చెప్పాలి. ఇంకో డాక్టరు మాట కూడా కావాలంటే తిరుపతిలో స్విమ్స్ ఉంది, అలిపిరి దగ్గర టాటా వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గరే. స్కాన్ సీడీ, బయాప్సీ రిపోర్టు మర్చిపోకండి. ఖర్చు సంగతి ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోండి.

అమ్మకు షుగర్ ఉంది, ఆపరేషన్ తట్టుకుంటుందా అని కూడా అడిగారు. అత్తమ్మకూ ఉంది. మత్తు కంటే మాకు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) దగ్గరే భయమేసింది, ఎందుకంటే కరెంటుతో పాటు వారం వారం ఎక్కించే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కిడ్నీల మీద పడుతుంది. అత్తమ్మ ఇప్పుడు బాగానే ఉంది గానీ ఎడమ కాలు సాయంత్రానికి వాస్తుంది, సాక్సు వేసుకోమంటే వినదు.

ఒకసారి అమ్మ రిపోర్టు చూడండి. స్టేజి రాయడానికి 2018లో వచ్చిన పద్ధతిలో 3సీ1 అంటే కింది గ్రంథులు, 3సీ2 అంటే పైవి. పక్కన 'ఆర్' అని ఉంటే స్కాన్ చూసి చెప్పింది, 'పి' అని ఉంటే ముక్క పరీక్షలో తేలింది. మీ దాంట్లో ఏముందో ఇక్కడ రాయండి.