'గెట్' క్రియను కంఠస్థం చేస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ప్రవేశ పరీక్ష కోసం 'గెట్' అనే క్రియకు నిఘంటువులో ఉన్న అర్థాలన్నీ కంఠస్థం చేస్తున్నానని రాశావు. ఆ పని మానుకో. దాని పక్కన ఏ పదం ఉందో గమనిస్తే చాలావరకు అర్థం తేలిపోతుంది. నామవాచకం ఉంటే పొందడమో తేవడమో, స్థలం ఉంటే చేరడమో అవుతుంది. వీటితో నీకు ఇబ్బంది ఉండదు.

విశేషణం వచ్చినప్పుడు మాత్రం కాస్త ఆగి చూడాలి. 'ఐ వాజ్ యాంగ్రీ' అంటే అప్పటికే కోపంగా ఉన్నానని, 'ఐ గాట్ యాంగ్రీ' అంటే కోపం వచ్చిందని. కోపం వచ్చింది, ఆకలి వేసింది, తడిసిపోయాను, అలసిపోయాను అంటూ మనం వేరువేరు క్రియలతో చెప్పే మార్పులన్నింటినీ ఇంగ్లీషువాళ్లు ఈ ఒక్కదానితోనే నెట్టుకొస్తారు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది మరొకచోట. సుల్తాన్ బజార్‌లో దర్జీకి ఇచ్చి రవిక కుట్టించుకొని, 'ఐ స్టిచ్‌డ్ ఎ బ్లౌజ్' అంటారు. వినేవారు ఆవిడే మిషను ముందు కూర్చుందనుకొంటారు. కుట్టడాన్ని కుట్టించుకోవడంగా మార్చడానికి తెలుగులో 'ఇంచు' ఉన్నట్లే ఇంగ్లీషులో 'గెట్' ఉంది: 'ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్‌డ్'. ముందు వస్తువు, ఆ తరువాతే క్రియ మూడో రూపం. ఈ వరుస తారుమారైతే వాక్యం చెల్లదు. ఎవరిచేత చేయించావో చెప్పదలచుకొంటే 'ఐ గాట్ ది టైలర్ టు స్టిచ్ ఇట్' అనాలి. ఇక్కడ 'టు' తప్పనిసరి, ఇదే వాక్యంలో 'గాట్'కు బదులు 'మేడ్' వాడితే 'టు' రాకూడదు. జుట్టు కత్తిరింపించుకోవడం, ఫోను బాగుచేయించడం, ఇంటికి సున్నం వేయించడం వంటి పనులతో ఇటువంటి వాక్యాలు రాసి నాకు పంపు, దిద్ది పంపుతాను.

ఇక ప్రయాణాల సంగతి. బస్సు, మెట్రో వంటి లోపల నిలబడి నడవగలిగే వాహనాలకు 'గెట్ ఆన్', 'గెట్ ఆఫ్' వాడాలి. ఆటోకు, కారుకు 'గెట్ ఇన్‌టు', 'గెట్ అవుట్ ఆఫ్' వాడాలి. అమీర్‌పేటలో 'గెట్ డౌన్' అవుతానని మన నగరంలో అందరూ అంటారు, దాన్ని ఎగతాళి చేసేవారంటే నాకు గిట్టదు; అయినా పరీక్షలో 'గెట్ ఆఫ్' అనే రాయి. 'గెట్'కు మూడో రూపంగా బ్రిటన్‌లో 'గాట్', అమెరికాలో తరచుగా 'గాటెన్' వాడతారు. ఒకే వ్యాసంలో రెండింటినీ కలపవద్దు. దరఖాస్తులో మాత్రం ఈ క్రియను తగ్గించి, సందర్భాన్ని బట్టి 'రిసీవ్', 'అబ్‌టెయిన్', 'బికమ్' వంటివి రాయడం మర్యాదగా ఉంటుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న